కుయా తేర్యో తలూపిన చోటు

ముందే చెప్పేస్తున్నాను, తప్పు నాది. జోంజీకి అందులో వాటా ఉంది, మిసెస్ కియాంబావ్‌కి ఉంది, గోడ మీద అంటించిన ఆ నవ్వుమొహం పిల్లకి కూడా ఉంది. ఉంటే ఉండనీ. చేసిన చేతులు నావి, నోరు మూసుకున్నది నేను.

నా పేరు పెర్పెతువా. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికుంది, అందరికీ పెరింగ్‌నే. కెసోన్ సిటీలో ‘కలబిత్’ అనే పాటల పత్రికకి పంతొమ్మిదేళ్ళు పేజీలు పేర్చాను. నెలకి ముప్ఫై పాటలు వేసేవాళ్ళం. పాట మాటలు కింద, వాటి నెత్తిన కార్డ్స్. అంటే గిటారు మీద వేళ్ళ పట్టు ఎక్కడ మార్చాలో చెప్పే గుర్తులు. ఏ మాట దగ్గర పట్టు మారాలో సరిగ్గా ఆ మాట పైనే ఆ గుర్తు కూర్చోవాలి. కాస్త పక్కకి జరిగిందా, పాట చెడింది. పాడేవాడు గడప దాటి వెళ్ళిపోయాక గిటారు తీరిగ్గా వచ్చి తలుపు తీస్తుంది.

ఆ గుర్తులు ఎక్కడ పడాలో చెప్పేవాడు ఎలెవుతేర్యో. నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకని కుయా తేర్యో అనేదాన్ని. మా దగ్గర అన్నని అలాగే పిలుస్తాం. ఆయన సంగీతం నేర్చుకున్నవాడు కాదు. నొటేషన్ చూపిస్తే “ఏంటే ఇది, తీగ మీద చీమలు ఆరేశారు” అనేవాడు. క్యాసెట్టు రెండుసార్లు వినేవాడు. మూడోసారి గిటారు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని తడుముకునేవాడు. అంతే, పాట మొత్తం ఆయన వేళ్ళలోకి వచ్చేసేది.

కాగితం మీద మాత్రం ఏదీ పెట్టేవాడు కాదు. నా బల్ల పక్కకి స్టూలు లాక్కుని కూర్చుని పాటని బాగా నెమ్మదిగా పాడేవాడు. పట్టు మారేచోట గడ్డం ఒక్కసారి కిందికి ఊపేవాడు. ఆ ఊపుకి నేను పట్టకారుతో చిన్న గుర్తు ఎత్తి జిగురు మీద పెట్టేదాన్ని. ఆయన తల, నా చెయ్యి, మధ్యలో మాట అక్కర్లేదు. మా ఆయన తలూపితే మాత్రం నేను తప్పకుండా తగాదాకి దిగుతాను. పంతొమ్మిదేళ్ళలో కుయా తేర్యో ఊపుని ఒక్కసారి కూడా కాదనలేదు.

మా పేజీలు అందంగా ఉండేవని నేను అనను. నాసిరకం కాగితం, రెండు పిన్నులు, ఒక్కటే సిరా. అట్ట మీద చేత్తో గీసిన బొమ్మ, పాడేవాడి తలకాయ బుట్టంత, ఒళ్ళు పుల్లంత. కానీ మా పుస్తకంలో ప్రతి వికారానికీ ఒక కారణం ఉండేది. అక్షరాలు ఎందుకంత లావు? ఒక్క పుస్తకం చుట్టూ ఆరుగురు కూర్చుంటారు, ఆరోవాడికి కూడా కనపడాలి. పాట ఎందుకు ఎదురెదురు పేజీల్లోనే అయిపోవాలి? రెండు చేతులూ గిటారు మీదున్నవాడు పేజీ దేంతో తిప్పుతాడు, ముక్కుతోనా? అట్ట ఎందుకు పల్చన? తెరిచి నేలమీద పెడితే మళ్ళీ మూసుకోకుండా పడుండాలి.

మమ్మల్ని చదివేవాళ్ళు జీపు స్టాండుల్లో ఉండేవాళ్ళు, ఓడల్లో ఉండేవాళ్ళు, కుట్టు ఫ్యాక్టరీ ఆడపిల్లల గదుల్లో, జైల్లో కూడా ఉండేవాళ్ళు. ఉత్తరాలు రాసేవాళ్ళు. ఒకసారి జైలు నుంచి ఒకతను, పోయిన నెల మూడో పాటలో రెండో చరణం దగ్గర మీ కార్డ్ తప్పు అని రాశాడు. కుయా తేర్యో మధ్యాహ్నం అన్నం మానేసి ఆ పాట మళ్ళీ మళ్ళీ విన్నాడు. సాయంత్రానికి “వాడిదే తప్పు” అని తేల్చి, అప్పుడు తిన్నాడు. జవాబు మాత్రం నాచేత ఎంతో మర్యాదగా రాయించాడు.

ప్రతి పాట కింద చిన్న అక్షరాలతో ‘విన్నది: తేర్యో’ అని ఉండేది. ఆయన సంపాదించుకున్నదల్లా అదే. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, మరికినాలో అక్క ఇంటి వెనక ఒక గది. వాళ్ళమ్మకి అరవై రాగానే చెవులు పోయాయట. ఒక్కసారిగా పోలేదు. ఒకరోజు వినపడేది, ఒకరోజు వినపడేది కాదు. కొన్ని మాటలు అందేవి, కొన్ని అందేవి కావు. కుయా తేర్యోకి యాభై ఎనిమిది నిండాయి. రోజూ పొద్దున్న ఆఫీసుకి రాగానే నా పట్టకారు తీసుకుని బల్లకేసి టంగుమనిపించి చెవి దగ్గర పెట్టుకునేవాడు.

“ఉందే పెరింగ్, ఇంకా ఉంది,” అనేవాడు.

“ఎక్కడికి పోతుంది కుయా, నీలాగే దానికీ వేరే గతి లేదు,” అనేదాన్ని నేను.

అందరం నవ్వుకునేవాళ్ళం. ఆయన నవ్వు అడుగున భయం ఉందని నాకు తెలుసు. ఆ భయం ఎంతుందో నాకు తెలిసినంతగా ఆ ఆఫీసులో ఇంకెవరికీ తెలీదు. అందుకే నా తప్పు ఇంకా పెద్దది.

తొంభై ఏడులో అమ్మకాలు పడిపోయాయి. మా యజమానురాలు మిసెస్ కియాంబావ్ ప్రకటనల కంపెనీ నుంచి జోంజీ అనే ఆయన్ని తీసుకొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళవాడు, గుండ్రటి కళ్ళద్దాలు, అందర్నీ పేరుపేరునా పలకరిస్తాడు. చెడ్డవాడు కాదు. అదే నా ఖర్మ, చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకుందును.

వచ్చిన రోజే గోడ మీద ఒక ఫొటో అంటించాడు. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్న పిల్ల, మెరిసే జుట్టు.

“ఈవిడ బియాంకా,” అన్నాడు. “పంతొమ్మిదేళ్ళు. కాలేజీ. సొంత గది ఉంది, సీడీ ప్లేయరుంది, శనివారం మాల్‌కి వెళ్తుంది. ఇకనుంచి మనం వేసే ప్రతి పేజీ ఈవిడ కోసం.”

“ఎవరమ్మాయి?” అడిగాడు కుయా తేర్యో.

“ఎవరమ్మాయీ కాదు సర్. మన పాఠకురాలు ఎలా ఉండాలో ఊహించుకుని పెట్టుకున్నాం.”

“మనకెప్పుడైనా ఉత్తరం రాసిందా?”

“లేదు సర్. అసలు లేదు ఆవిడ.”

“ఓరి దేవుడా! లేని పిల్ల కోసం ఉన్నవాళ్ళ పుస్తకం మార్చేస్తావా నాయనా?”

గదంతా గొల్లుమంది. జోంజీ కూడా నవ్వాడు. నవ్వి, ఓపిగ్గా చెప్పాడు. “ఉన్నవాళ్ళు ఒక్క కాపీ కొని ఆరుగురు చదువుతున్నారు సర్. బియాంకా అయితే తన కాపీ తను కొనుక్కుంటుంది. ప్రకటనలిచ్చేవాళ్ళు అడిగేది బియాంకానే. ఆరుగురు కలిసి చదివే పుస్తకంలా కనపడకూడదు మనది. ఒక్కతే కూర్చుని ఒళ్ళో పెట్టుకుని చూసుకునే పుస్తకంలా ఉండాలి.”

ఆ తర్వాత నాలుగు వారాలు మాకు పాఠాలే. సన్నటి అక్షరం నాజూకు, లావు అక్షరం మోటు. కవర్ మీది మొహం నేరుగా కొనేవాళ్ళ కళ్ళలోకి చూడాలి. వరసలకి రెండు వైపులా అంచులు కత్తిరించినట్టు సమంగా ఉంటే పేజీ ఖరీదైనదిగా కనపడుతుంది. ఖాళీ జాగా ఎక్కువుంటే పుస్తకం గొప్పింటిది. ఎనిమిదిమందిమి రెండు గదుల్లో పెరిగాం, ఖాళీ జాగా విలువ నాకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ ఖాళీ కోసం పాట మాటల్ని ఆవగింజలంత చేసేశాడు. నిజం చెప్పొద్దూ, చూస్తే బాగున్నాయి ఆ పేజీలు. నా చేత్తో అంత అందమైనవి నేనెప్పుడూ చెయ్యలేదని కొంచెం కుళ్ళు కూడా వచ్చింది.

ఇంకోటి కూడా చేశాడు. ‘విన్నది: తేర్యో’ అన్న చిన్న ముక్క తీసేసి, కుయా తేర్యోకి పేజీ నిండా ఫొటో వేశాడు. మనిషికి మనిషి మొహం కనపడాలట, అప్పుడే నమ్మకం కుదురుతుందట. ఎవరిదో నల్ల తోలు కోటు తొడిగించి, చెవి దగ్గర చెయ్యి పెట్టించి నిలబెట్టారు. కింద ఇంతలావున, ‘ఈ చెవి తప్పదు’. ప్రతి పాట మూలా పోస్టాఫీసు ముద్రలాగా గుండ్రంగా అదే మొహం.

“కోటు నాది కాదని అడుగున రాయండయ్యా,” అని గొణిగాడు కుయా తేర్యో. కానీ ఆ నమూనా పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, మరికినాలో అక్కకి చూపించడానికి. నేను చూశాను.

నా పట్టకారూ జిగురూ సొరుగులోకి పోయాయి. కంప్యూటరు వచ్చింది. కుయా తేర్యో మామూలుగానే స్టూలు లాక్కుని కూర్చుని పాడేవాడు, తలూపేవాడు. నేను అన్నీ ఒకే వెడల్పుండే టైపు మిషన్ లాంటి అక్షరాలు పెట్టుకుని పాట వరస కొట్టి, దానిపైన ఇంకో వరసలో ఖాళీలు నొక్కుకుంటూ వెళ్ళి, ఆయన ఊపిన చోట గుర్తు పెట్టేదాన్ని. ముప్ఫై పాటలూ అలాగే చేశాం. ఆయన తెరమీద ప్రతిదీ చూసి, బాగుంది అన్నాకే రెండోదానికి వెళ్ళేవాళ్ళం.

ప్రెస్సుకి వెళ్ళాల్సిన శుక్రవారం. సాయంత్రం ఆరింటికి ప్రింటరు వ్యాను వస్తుంది. కుయా తేర్యో పొద్దున్నే పని ముగించి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి జోంజీ నా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

“అతే పెరింగ్, ఈ టైపు మిషన్ అక్షరాలు బియాంకాకి నచ్చవు. మార్చేద్దాం,” అన్నాడు. అతే అంటే అక్క. అంత ముద్దుగా అడిగాడు.

నాలుగు మీటలు నొక్కాడు. ముప్ఫై పాటల్లోనూ అక్షరాలు సన్నబడ్డాయి, వరసలు రెండంచులకీ సాగి సమంగా నిలబడ్డాయి. చూడముచ్చటగా ఉంది. అయితే పాట ఉన్న వరసలు సాగాయి, వాటి పైన గుర్తులున్న వరసలు సాగలేదు. ఒక గుర్తు ఒక మాట అవతల పడింది, ఇంకోటి మూడు మాటల అవతల.

“జోంజీ, కార్డ్స్ జరిగిపోయాయి.”

“ఎంత, ఒక రవ్వ! ఎవరికి తెలుస్తుంది అతే? కావాలంటే సరిచెయ్యండి, ఆరింటిదాకా టైముందిగా,” అని పాత ఫైలు మీదే సేవ్ చేసి, లేచి వెళ్ళిపోయాడు.

కూర్చున్నాను. ఆయన గడ్డం ఎక్కడ కిందికి పడిందో నాకు గుర్తే, ఒక్కో గుర్తునీ లాగి దాని చోట పెట్టుకుంటూ వచ్చాను. పాటకి ఇరవై నిమిషాలు. ఆరు కావస్తుంటే పదకొండు పాటలయ్యాయి. ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. లేచి, వ్యాను ఆపండి, ఇది ఇలా పోకూడదు అని అరవాలి. మామూలుగా అరుపుకి నేను వెనకాడేదాన్ని కాదు. కానీ ఆ వారమే మిసెస్ కియాంబావ్ చెప్పింది, పేజీలు పేర్చేవాళ్ళు ముగ్గురు, కంప్యూటరు ఒకటి, ఈ సంచిక అయ్యాక ఒక్కరే ఉంటారు అని. మా ఆయన నడుం విరగ్గొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. కంప్యూటరు చేతకాని ముసల్ది అనిపించుకోవడానికి భయపడ్డాను. ఆరింటికి వ్యాను వచ్చింది. ఇచ్చేశాను.

చూడ్డానికి పుస్తకం జిగేల్‌మంది. మొదటి వారం బాగా పోయింది. బియాంకా కొందో లేదో నాకు తెలీదు. తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి.

మొదట్లో మర్యాదగానే రాశారు. కుయా, ఈ పాటలో ఏదో పొరపాటు జరిగినట్టుంది. తర్వాత వెటకారం. ఈ చెవి తప్పదంటిరి, ఏ చెవి, కుడిదా ఎడమదా? ఒకడు ఆ ముద్రబొమ్మ కత్తిరించి చెవుల్లోంచి దూది కారుతున్నట్టు గీసి పంపాడు. ఓడలో వంటవాడు ఒకతను, పన్నెండేళ్ళుగా నిన్ను నమ్ముకుని వాయిస్తున్నాను కుయా, మొన్న పుట్టినరోజు పార్టీలో అందరి ముందూ నవ్వులపాలయ్యాను అని రాశాడు. అది తిట్టు కాదు. కుయా తేర్యోకి అదే ఎక్కువ తగిలింది.

ఉత్తరాలన్నీ బల్లమీద పరుచుకుని కూర్చునేవాడు. ఏ పాటల మీద ఫిర్యాదులొచ్చాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు.

“పంతొమ్మిది తప్పులు పెరింగ్. పదకొండు మాత్రం బాగున్నాయట, ఎవరూ ఏమీ అనలేదు. అన్నీ తప్పయితే ప్రెస్సులో ఏదో జరిగిందనుకుందును. కొన్ని అందాయి, కొన్ని అందలేదు. అమ్మకి కూడా ఇంతే.”

ఆ పదకొండూ బాగుచేసింది నేను. మొత్తం ముప్ఫై అలాగే వదిలేసి ఉంటే ఎవరైనా మిషన్‌నే తిట్టేవాళ్ళు. నేను సగం మంచి చేసి ఆయన చెవిని చంపేశాను. అప్పుడైనా చెప్పొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. రేపు చెప్దాం అనుకున్నాను.

ఆ రేపు రాకముందే మిసెస్ కియాంబావ్ అందర్నీ పిలిచింది. జోంజీ, నేను, కుయా తేర్యో. గోడ మీద బియాంకా ఇకిలిస్తూనే ఉంది.

“తప్పు ఎక్కడ జరిగింది?” అంది మిసెస్ కియాంబావ్. “పెరింగ్, నువ్వు చెప్పు. ఆయన చెప్పినట్టే పెట్టావా?”

జోంజీ నావైపు చూశాడు. నిజంగా ఆయనకి గుర్తు లేదో, గుర్తుండి చూశాడో ఇప్పటికీ తెలీదు. కుయా తేర్యో మాత్రం నన్ను చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

“కుయా తలూపిన చోటే పెట్టాను మేడమ్,” అన్నాను.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంత పచ్చి అబద్ధం నా బతుకులో ఇంకోటి ఆడలేదు.

కుయా తేర్యో తలెత్తాడు. “అవును మేడమ్. తను పెట్టేటప్పుడు పక్కనే ఉన్నాను. పెరింగ్ చెయ్యి ఎప్పుడూ తప్పదు,” అన్నాడు. లేచి, గిటారు సంచీలో పెట్టుకున్నాడు. నా పట్టకారు సొరుగులోంచి తీసి బల్లకేసి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడేమో అనుకున్నాను. దానివైపు చూడను కూడా చూడలేదు. వెళ్ళిపోయాడు.

నా ఉద్యోగం నిలబడింది. నాలుగు నెలలు. పాత పాఠకులు పోయారు, బియాంకా రానేలేదు, పత్రిక మూసేశారు. జోంజీ చివరిరోజు గోడ మీది ఫొటో జాగ్రత్తగా ఊడదీసి చుట్టుకుని తీసుకెళ్ళాడు. ఇంకెక్కడో అంటించి ఉంటాడు.

అప్పుడు, పోయేదేమీ మిగలనప్పుడు, నాకు ధైర్యమొచ్చింది. సిగ్గులేని ధైర్యం. ఒక శనివారం మధ్యాహ్నం ఇంట్లో పాత అట్ట, జిగురు, పట్టకారు తీసి ‘పడవ దిగిన రోజు’ అన్న పాటని మా పాత పద్ధతిలో పేర్చాను. పంతొమ్మిదిలో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్న పాట అది. ఆయన గడ్డం గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో గుర్తూ దాని చోట పెట్టాను. ఆదివారం ఆ అట్టా, అచ్చయిన పుస్తకమూ సంచిలో వేసుకుని మరికినా వెళ్ళాను.

మేనల్లుడి చెప్పుల షెడ్డులో అడుగులు అంటిస్తున్నాడు కుయా తేర్యో. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

“రావే పెరింగ్. తిన్నావా? అక్కా, పెరింగ్‌కి అన్నం పెట్టు!”

అన్నం తర్వాత, ముందు జరిగిందంతా చెప్పేయాలి అనుకుని చెప్పేశాను. శుక్రవారం మధ్యాహ్నం, జోంజీ నొక్కిన మీటలు, సాగిన వరసలు, పదకొండు పాటలు, వ్యాను. ఆయన ఆఖరిదాకా అడ్డురాకుండా విన్నాడు. నేను గొంతు తగ్గించి చెప్పినవి కూడా విన్నాడు.

“అక్షరాలు వాటంతట అవే జరిగాయా?” అన్నాడు. “నా కళ్ళతో చూశానే తెరమీద. కాళ్ళున్నాయా వాటికి?”

“మిషన్ జరిపింది కుయా!”

“మిషన్ జరిపితే ముప్ఫై జరపాలి.”

“పదకొండు నేను బాగుచేశాను అంటున్నానుగా.”

“మరి మిగతావి ఎందుకు వదిలేశావ్?”

“ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అందుకే మేడమ్ అడిగినప్పుడు కూడా నోరు విప్పలేదు. నిన్ను ముంచి నేను గట్టెక్కాను. తిట్టు కుయా. ఒక దెబ్బ వెయ్యి.”

ఆయన నావైపు చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను. కోపం ఉంటే బాగుండేది. జాలి.

“నువ్వలాంటిదానివి కాదు,” అన్నాడు. “పంతొమ్మిదేళ్ళు పక్కన కూర్చున్నాను, నాకు తెలీదా? నన్ను మంచి చెయ్యడానికి నిన్ను నువ్వు చెడ్డ చేసుకుంటున్నావ్. వద్దమ్మా.”

సంచిలోంచి అట్ట తీసి ఆయన ముందు పెట్టాను. “ఇదిగో చూడు. నువ్వు తలూపిన చోట్లు ఇవి. పుస్తకంలో ఎక్కడున్నాయో చూడు. పక్కపక్కన పెట్టి చూడు.”

ఆయన అట్ట మీద ఒక గుర్తుని గోరుతో తోశాడు. అది జరిగింది.

“జిగురింకా ఆరలేదే,” అన్నాడు. “నిన్న అంటించావా?”

ఆ గుర్తుని మళ్ళీ దాని చోటికి జరిపాను.

“ఏ అక్షరాన్నయినా ఎక్కడైనా కూర్చోబెట్టగలవు నువ్వు. నీ చెయ్యి సంగతి నాకు తెలీదా. బాగా పేర్చావు. ఇవే సరైన చోట్లయి ఉంటాయి.”

“అయితే గిటారు తియ్యి! పుస్తకం పెట్టుకుని ఒక్కసారి వాయించు. తప్పు పుస్తకంలో ఉందని నీకే తెలుస్తుంది!”

“వాయించానే,” అన్నాడు నెమ్మదిగా. “ఇంటికొచ్చిన వారమే. పుస్తకం ఎదురుగా పెట్టుకుని పంతొమ్మిదీ వాయించాను. లోకమంతా తప్పు అంటోంది కదా, ఆ తప్పు ఎక్కడుందో వెతుక్కుందామని. నాకు ఎక్కడా తప్పు వినపడలేదు పెరింగ్. అన్నీ ఎంత బాగున్నాయో. అప్పుడే తెలిసిపోయింది నాకు. ఆ రోజే గిటారు తీగలు విప్పేశాను.”

“అయ్యో, నువ్వు పుస్తకం చూసి ఎక్కడ వాయించావు! కళ్ళు పేజీ మీద ఉన్నాయి, వేళ్ళు మాత్రం నీ చెవి మాటే విన్నాయి. పుస్తకం తప్పయినా నీ వేళ్ళు సరైన చోటే మారాయి. చెవి పోయినవాడికి అలా కుదురుతుందా? ఉందయ్యా నీ చెవి, చచ్చేంత బాగా ఉంది!”

అరిచేశాను. షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఆయన నా చేతి మీద చెయ్యి వేసి నవ్వాడు.

“గట్టిగా అరవక్కర్లేదు. ఈరోజు బాగానే వినపడుతోంది,” అన్నాడు.

అట్ట సంచిలో పెట్టేసుకున్నాను. వీధి చివరిదాకా దిగబెడతానని వచ్చాడు. అక్కడ ట్రైసికిల్ స్టాండు. బేరాల్లేక డ్రైవర్లు నీడలో కూర్చున్నారు, మధ్యలో ఒకడి దగ్గర గిటారు, మోకాళ్ళ మీద మా పుస్తకం. అట్ట ఊడిపోయింది, అయినా ఆ సన్నక్షరాల పేజీని నేను ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. ‘పడవ దిగిన రోజు’. రేడియోలో ఒక నెల వచ్చి పోయిన పాట, వాళ్ళకి ఇప్పుడు పుస్తకమే దిక్కు. మొదట్లో తిట్టుకుని ఉంటారు. ఇన్ని నెలల్లో దానికే అలవాటు పడిపోయారు. మిగతావాళ్ళు తొడల మీద దరువేస్తూ గొంతు కలుపుతున్నారు.

కుయా తేర్యో ఆగాడు. పంటికింద రాయి పడ్డట్టు మొహం ముడుచుకున్నాడు.

“చూశావా,” అన్నాడు. “అందరికీ ఎంత బాగుందో. నా ఒక్కడికే పుల్లగా ఉంది.”

వాళ్ళు రెండో చరణం ఎత్తుకున్నారు. ఆయన గడ్డం పడాల్సిన మాట దగ్గరే కిందికి పడింది, పాత అలవాటుకి నా రెండు వేళ్ళూ సంచి పక్కన దగ్గరకొచ్చాయి. మూడు మాటలయ్యాక గిటారు మారింది.